పీఆర్ వచ్చేదాకా భర్తను చూడకూడదా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 27 ఏళ్ళు. గుంటూరులో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. పోయిన మాఘమాసంలో పెళ్ళయింది. మావారికి కెనడాలో పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది, కాల్గరీలో ఉద్యోగం. పెళ్ళయ్యాక మేమిద్దరం ఒక ఇంట్లో ఉన్నది 19 రోజులే. ఆయన వెళ్ళగానే, భార్యగా నాకూ పీఆర్ ఇమ్మని స్పాన్సర్‌షిప్ దరఖాస్తు పెట్టారు. అది అందినట్టు ఉత్తరం వచ్చి ఎనిమిది నెలలైంది, ఆ తర్వాత కదలిక లేదు. ఈలోగా విజిటర్ వీసా మీద వెళ్ళి కొన్నాళ్ళు ఉండి రావాలని ఉంది. మా అత్తగారు "విజిటర్ వీసా అడిగితే పీఆర్ ఫైలు పాడవుతుంది, ఓపిక పట్టు" అంటున్నారు. ఇక్కడి ఏజెంటేమో పీఆర్ సంగతి ఎక్కడా రాయకుండా టూరిస్టునని పెట్టమంటున్నాడు. 2021లో చదువు కోసం అమెరికా వీసాకు రెండుసార్లు వెళితే రెండుసార్లూ కాదన్నారు. అదీ రాయవద్దంటున్నాడు. నేను ఉద్యోగానికి రాజీనామా చేయాలా? వెళితే మళ్ళీ వెనక్కి రావాలా? ఫోను పక్కన పెట్టుకుని, ఆయన గొంతు వింటూ నిద్రపోవడం అలవాటైపోయింది. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, గుంటూరు

సమాధానం: చూడవచ్చునమ్మా. పీఆర్ దరఖాస్తు నడుస్తుండగా విజిటర్ వీసా అడగడం తప్పు కాదు, దాని వల్ల ఫైలుకు చేటూ లేదు. కెనడా వలస చట్టం 2001 నాటిది. అందులోని 22వ సెక్షను, రెండో ఉపసెక్షను సరిగ్గా మీవంటి వారి గురించే. శాశ్వతంగా స్థిరపడాలన్న కోరిక ఉన్నంత మాత్రాన తాత్కాలికంగా రావడానికి అడ్డు లేదనీ, ఇచ్చిన గడువు లోపల దేశం విడిచి వెళతారని ఆఫీసరుకు నమ్మకం కలిగితే చాలుననీ దాని సారం. రెండు ఉద్దేశాలూ ఒకే మనిషికి ఒకేసారి ఉండవచ్చునని చట్టమే ఒప్పుకుంది. అలాంటప్పుడు వాటిలో ఒకదాన్ని దాచవలసిన పని మీకు లేదు.

మీ అత్తగారి భయం ఊరికే పుట్టలేదు. మన ఇళ్ళలో వీసాల గురించి తెలిసినదంతా చాలా ఏళ్ళుగా అమెరికా వైపు నుంచి వచ్చినదే. అక్కడి చట్టంలో 214(బి) అని ఒక సెక్షను ఉంది. దాని ప్రకారం విజిటర్ వీసా అడిగే ప్రతివారూ ఉండిపోవడానికే వస్తున్నట్టు లెక్క. కాదని నిరూపించుకునే భారం అడిగినవారిదే. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న భార్యకు ఆ దేశంలో విజిటర్ వీసా దొరకడం నిజంగానే కష్టం. ఎవరి కోడలికో అలా జరిగి, ఆ మాట మీ ఇంటిదాకా వచ్చి ఉంటుంది. దేశం వేరు, చట్టం వేరు అని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. కావాలంటే ఈ జవాబే చదివి వినిపించండి.

అయితే చట్టం ఒప్పుకోవడం వేరు, ఆఫీసరు నమ్మడం వేరు. కెనడా ఆఫీసరు కూడా చివరికి ఒకే ప్రశ్న వేసుకుంటాడు: ఈ అమ్మాయి గడువుకు తిరిగి వెళుతుందా? మీకు అన్నిటికన్నా దగ్గరి మనిషి అక్కడే ఉన్నాడు. కాబట్టి మిమ్మల్ని వెనక్కి రప్పించేవి ఇక్కడ ఏమున్నాయో మీరే కాగితం మీద చూపాలి. ఆఫీసరే వెతుక్కుని కనుక్కుంటాడని అనుకోవద్దు. ఒక్కో ఫైలు మీద వారు వెచ్చించే సమయం చాలా తక్కువ.

అందుకే మీ ఉద్యోగం గురించిన ప్రశ్నకు ముందు జవాబు చెబుతున్నాను. రాజీనామా చేయవద్దు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం ఆ ఉద్యోగమే. కళాశాల నుంచి సెలవు మంజూరు చేసిన ఉత్తరం తీసుకోండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు సెలవు, ఏ తేదీన తిరిగి విధుల్లో చేరాలి, వచ్చే సెమిస్టరులో మీకు ఏ సబ్జెక్టులు కేటాయించారు అన్నవి అందులో ఉండాలి. వేసవి సెలవులకు మరికొన్ని వారాలు కలిపి రెండున్నర, మూడు నెలలు అడగండి. విజిటర్‌కు మామూలుగా ఆరు నెలలు ఉండే వీలున్నా, కొలువు ఉన్న మనిషి ఆరు నెలలు అడిగితే ఆ కొలువు మీదే అనుమానం వస్తుంది. జీతం జమ అయిన బ్యాంకు వివరాలు, ఖర్చు భరిస్తానని మీవారు రాసిన ఉత్తరం, ఆయన ఉద్యోగపు కాగితాలు, ఆయన పీఆర్ కార్డు నకలు, మీ వివాహ నమోదు పత్రం జతచేయండి. ఆస్తి మీ పేరున లేకపోతే మీ నాన్నగారి పొలం పాసుపుస్తకం తెచ్చి పెట్టనక్కరలేదు. అది మిమ్మల్ని వెనక్కి లాగేది కాదని ఆఫీసరుకు తెలుసు.

వీటన్నిటికీ పైన మీరే రాసిన ఒక పేజీ ఉత్తరం ఉండాలి. నా ఉద్దేశంలో ఈ దరఖాస్తు నిలిచేదీ పడేదీ ఆ పేజీ మీదే. ఏజెంటు దగ్గర అందరికీ ఒకే నమూనా ఉంటుంది, దాన్ని వాడవద్దు. మీ మాటల్లో సూటిగా రాయండి: ఫలానా తేదీన మా పెళ్ళయింది, నా భర్త నన్ను స్పాన్సర్ చేశారు, దరఖాస్తు నంబరు ఇది, అది పూర్తయ్యేదాకా నేను నా దేశంలోనే ఉండి పనిచేసుకుంటున్నాను, ఈ సెలవుల్లో నా భర్తతో గడిపి ఫలానా తేదీన తిరిగి వస్తాను. ఆ తర్వాత ఈ మాట తప్పక చేర్చండి: న్యాయమైన దారిలో శాశ్వత నివాసం వస్తున్నప్పుడు, గడువు మీరి ఉండిపోయి ఆ దారిని నేనే మూసుకోవలసిన అవసరం నాకు లేదు. ఇది మెరుగుపెట్టిన వాదన కాదు, మీ నిజమైన స్థితి. పెండింగులో ఉన్న పీఆర్ ఫైలు మీకు అడ్డు అని అత్తగారు అనుకుంటున్నారు. మీరు నియమం తప్పరు అనడానికి అదే పెద్ద సాక్ష్యం.

2023 మే నెలలో కెనడా వలస శాఖ ఇలాంటి భార్యాభర్తల విజిటర్ వీసాలను త్వరగా తేల్చే ఏర్పాటు చేస్తున్నట్టు ప్రకటించింది. చాలా దరఖాస్తులు 30 రోజుల్లో ముగించాలన్నది అప్పటి లక్ష్యం. ఇది చూసైనా ఆలోచించండి: ఆ వెసులుబాటు దక్కేది స్పాన్సర్‌షిప్ ఫైలు ఉందని చెప్పినవారికే. దాన్ని దాచిపెట్టి టూరిస్టునని రాసుకుంటే మీకు మేలు చేసే సంగతినే మీరు తీసేసినట్టు. దరఖాస్తు అందినట్టు వచ్చిన ఉత్తరాన్ని మొదటి కాగితంగా పెట్టండి. వీసా రుసుము 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు 85. వేలిముద్రలు హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో ఇవ్వవచ్చు.

ఇక ఆ ఏజెంటు. అమ్మా, ఈ విషయంలో నాకు మెత్తగా మాట్లాడడం చేతకాదు. అతడు మిమ్మల్ని నిప్పులో నడవమంటున్నాడు. మరే దేశమైనా మీకు వీసా నిరాకరించిందా అని ఆ ఫారంలో సూటిగా అడుగుతారు. మీకు రెండుసార్లు నిరాకరణ ఉంది. కెనడా, అమెరికా వీసా వివరాలను వేలిముద్రలతో సరిచూసుకునే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. లేదని రాశారో, అబద్ధం వెంటనే బయటపడుతుంది. కెనడా వలస చట్టం 40వ సెక్షను ప్రకారం తప్పుడు సమాచారానికి శిక్ష ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళూ విజిటర్ వీసా ఉండదు, పీఆర్ దరఖాస్తూ పెట్టలేరు. నడుస్తున్న స్పాన్సర్‌షిప్ ఫైలు కూడా దానితో మునుగుతుంది. ఫారం నింపింది ఏజెంటే కావచ్చు, సంతకం మీది, శిక్షా మీకే. 2021లో అమెరికా కాదన్నదని రాసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఎప్పుడు, ఏ వీసా, ఏ కారణం చెప్పారు అని రెండు వాక్యాల్లో రాయండి, చాలు. చదువు వీసా నిరాకరణకూ భర్తను చూడబోవడానికీ సంబంధం లేదని ఏ ఆఫీసరైనా గ్రహిస్తాడు.

డబ్బు తీసుకుని కెనడా వలస వ్యవహారాల్లో సలహా ఇచ్చేవారికి ఆ దేశం లైసెన్సు అడుగుతుంది. లాయరు కాని కన్సల్టెంటైతే, 2021 నవంబరు నుంచి పనిచేస్తున్న అక్కడి కన్సల్టెంట్ల కాలేజీ అనే నియంత్రణ సంస్థలో సభ్యత్వం ఉండాలి. ఆ జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. మీ ఏజెంటును సభ్యత్వ సంఖ్య అడగండి. ఇవ్వలేకపోతే అక్కడితో ఆపండి. నిజం చెబితే ఈ విజిటర్ దరఖాస్తును మీవంటి చదువుకున్న అమ్మాయి, భర్త తోడుగా, రెండు ఆదివారాలు కూర్చుంటే సొంతంగా నింపుకోగలదు.

నింపేటప్పుడు ఒక జాగ్రత్త. స్పాన్సర్‌షిప్ ఫైలు, విజిటర్ ఫైలు రెండూ మీ ఒక్కరి పేరు మీదే ఉంటాయి, ఆఫీసరు రెండూ తెరిచి చూడగలడు. మొదటిసారి ఎక్కడ కలిశారు, నిశ్చితార్థం ఏ రోజు, ఏ ఏడాది ఎక్కడ చదివారు, ఏ నెలలో ఉద్యోగంలో చేరారు — అన్నీ రెండు చోట్లా ఒకేలా ఉండాలి. మన వాళ్ళ పేర్లతో వచ్చే చిక్కు మీకు తెలిసిందే. పదో తరగతి పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్ళయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు. ఈ మూడూ ఒకే మనిషివని మీరే ఒక వాక్యంలో చెప్పేయండి. అన్ని చోట్లా పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయండి.

వీసా చేతికి వచ్చాక కూడా ఒక గడప మిగిలి ఉంటుంది. కెనడాలో దిగిన విమానాశ్రయంలో సరిహద్దు అధికారి ఎందుకు వచ్చారని అడుగుతాడు. నా భర్తతో ఉండడానికి వచ్చాను, మా పీఆర్ దరఖాస్తు నడుస్తోంది, ఫలానా తేదీన తిరిగి వెళతాను, ఇదిగో టికెట్టు — ఇదే చెప్పండి. ఊరు చూడడానికి వచ్చానని చెప్పవద్దు. కాపురానికి పంపుతున్నామన్న ఉత్సాహంలో అమ్మ సారె అంతా పెట్టెల్లో సర్దుతుంది. ఇత్తడి సామాను, ఏడాదికి సరిపడా పట్టుచీరలు, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తెచ్చిన అమ్మాయిని చూసి మూడు నెలల్లో వెళ్ళిపోతుందని ఎవరు నమ్ముతారు? మూడు నెలలకు కావలసినవే తీసుకువెళ్ళండి. ఊరగాయ, పొడులు తీసుకువెళితే అడిగినప్పుడు ఉన్నాయని చెప్పండి. నగలు ఎక్కువ ఉంటే, వెళ్ళేటప్పుడే మన కస్టమ్స్ దగ్గర వాటి వివరాలతో ధ్రువపత్రం తీసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు ప్రశ్నలు ఉండవు.

వీసా మీద ఉన్న గడువు వేరు, లోపల ఉండగలిగే గడువు వేరు. వీసా ఎన్నేళ్ళకు ఇచ్చినా, అధికారి వేరే తేదీ రాయకపోతే, దిగిన రోజు నుంచి ఆరు నెలలే.

అక్కడ ఉన్నన్నాళ్ళూ పనిలోకి దిగవద్దు. తెలిసినవారి దుకాణంలో వారాంతాల్లో కూర్చోవడం, ఎవరి పిల్లలనో చూసుకుని డబ్బు తీసుకోవడం కూడా పని కిందికే వస్తుంది. స్పాన్సర్‌షిప్‌లో ఉండి, కెనడాలోనే భర్తతో నివసిస్తున్నవారు ఓపెన్ వర్క్ పర్మిట్ (ఎవరి దగ్గరైనా పనిచేసుకునే అనుమతి) అడగవచ్చునని 2023లో వచ్చిన ఆ ప్రకటనలోనే ఉంది. మీకు ఎవరో ఒకరు దీని గురించి చెప్పి, వెళ్ళగానే పెట్టేయమంటారు. దీని మీద నా అభిప్రాయం ఇది. వెళ్ళేటప్పుడే ఆ ఆలోచన ఉంటే ఆ సంగతి ఉత్తరంలో రాయండి, ఆ నిబంధన అప్పటికి అమలులో ఉందో లేదో శాఖ వెబ్‌సైటులో చూసుకోండి. మూడు నెలల్లో వస్తానని చేతిరాతతో రాసి, మనసులో మాత్రం రానని అనుకుంటూ విమానం ఎక్కవద్దు. వెళ్ళాక పరిస్థితి నిజంగా మారితే, గడువు తీరకముందే పొడిగింపు అడిగే హక్కు చట్టం ఇచ్చింది. అడిగితే నిర్ణయం వచ్చేదాకా మీ విజిటర్ హోదా నిలుస్తుంది. అయినా ఈ మొదటిసారికి మాత్రం చెప్పిన రోజుకు తిరిగి రండి. విమానంలో బయటికి వెళ్ళిన వివరాలు కూడా వారి దగ్గర నమోదవుతాయి. మాట నిలుపుకున్నట్టు ఒకసారి నమోదైతే, పీఆర్ మరింత ఆలస్యమైనా రెండోసారి వెళ్ళడం సులువవుతుంది.

ఎవరైనా మీవారితో "ఎలాగూ వచ్చింది కదా, ఇప్పుడున్న దరఖాస్తు వెనక్కి తీసుకుని కెనడా లోపలి పద్ధతిలో కొత్తది పెట్టు" అని చెప్పవచ్చు. వినవద్దు. మీది బయటి నుంచి పెట్టిన కుటుంబ వర్గం దరఖాస్తు. అది నిరాకరణకు గురైతే మీవారు వలస అప్పీలు విభాగానికి వెళ్ళవచ్చు. లోపలి పద్ధతిలో ఆ అప్పీలు లేదు, పైగా మధ్యలో దేశం దాటితే మళ్ళీ రానిస్తారన్న భరోసా లేదు. ఎనిమిది నెలల నిరీక్షణను చేజేతులా వదులుకోవడం ఎందుకు?

ఆరోగ్యం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ ముందుగా మాట్లాడరు. విజిటర్‌కు, కాల్గరీ ఉన్న ఆల్బెర్టా రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించదు. ఆసుపత్రి ఖర్చు మొత్తం మీదే. కాబట్టి బయలుదేరే రోజు నుంచే బీమా తీసుకోండి, అందులో గర్భం సంబంధిత ఖర్చులు ఉన్నాయో లేదో చదవండి. చాలా పాలసీల్లో ఉండవు. కొత్తగా పెళ్ళయినవారు, చాలా రోజుల తర్వాత కలుస్తున్నారు, ఇద్దరూ ఈ విషయం ముందే మాట్లాడుకోండి. గర్భం దాలిస్తే తప్పేమీ లేదు, కానీ పీఆర్ వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. గర్భిణులు దాన్ని వాయిదా వేయమని అడగవచ్చు, అడిగితే ఫైలు అన్ని నెలలు ఆగుతుంది. పీఆర్ రాకముందే బిడ్డ పుడితే వెంటనే వలస శాఖకు తెలియజేసి ఫైలులో చేర్పించాలి. కుటుంబంలో ఒకరిని చెప్పకుండా పీఆర్ తీసుకుంటే, తర్వాత ఆ బిడ్డను మీరు స్పాన్సర్ చేసే హక్కే పోవచ్చు. అక్కడి నియమావళి 117వ నిబంధన అంత కఠినమైనది.

వీసా కాదంటే? ఏడవండి, రెండు రోజులు బెంగ పడండి, కానీ పీఆర్ పోయిందని అనుకోవద్దు. విజిటర్ దరఖాస్తులో ఆఫీసరు తేల్చేది మీరు గడువుకు తిరిగి వెళతారా అన్నది. పీఆర్ ఫైలులో తేల్చేది మీ పెళ్ళి నిజమా, మీవారికి స్పాన్సర్ చేసే అర్హత ఉందా అన్నది. కెనడాలో ఉన్న మీవారు, మీ అనుమతి పత్రంతో, సమాచార హక్కు కింద 5 డాలర్లు కట్టి ఆఫీసరు రాసుకున్న నోట్సు తెప్పించుకోవచ్చు. అది చదివాక, ఆఫీసరుకు లేదనిపించినది మీరు చూపగలిగితేనే మళ్ళీ పెట్టండి. అదే కాగితాలతో వారానికొకసారి పెడితే నిరాకరణల సంఖ్య పెరుగుతుంది, మరేమీ మారదు.

అప్పుడు మీవారిని రమ్మనండి. పీఆర్ ఉన్న వ్యక్తి భార్యను స్పాన్సర్ చేస్తున్నంతకాలం కెనడాలోనే నివసించాలి కాబట్టి ఆయన నెలల తరబడి ఇక్కడ ఉండకూడదు. రెండు మూడు వారాల సెలవు మీద వచ్చి వెళ్ళడానికి అభ్యంతరం లేదు. బయలుదేరే ముందు ఆయన పీఆర్ కార్డు గడువు చూసుకోవాలి, లేకపోతే తిరుగు విమానం ఎక్కనివ్వరు. మీరు వెళ్ళినా ఆయన వచ్చినా, టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు, ఇద్దరూ ఉన్న ఫొటోలు భద్రపరచి ఫైలుకు జతచేయండి. పెళ్ళి నిజమైనదా, వీసా కోసం చేసుకున్నదా అన్నది ఆ ఫైలులో వారు తేల్చవలసిన ప్రధాన విషయం. జీలకర్ర బెల్లం, తలంబ్రాల ఫొటోలు అందరూ పెడతారు. పెళ్ళి తర్వాత ఒకరి కోసం ఒకరు సముద్రాలు దాటారని చెప్పే కాగితం వాటికన్నా గట్టిది.

చివరగా, మీరు అడగని మాట ఒకటి. నేను కూడా పెళ్ళయిన కొత్తలో ఏడాదిన్నర విడిగా ఉన్నదాన్ని. వీడియోలు లేని రోజులు. ఆదివారం ఉదయం పక్కింటివారి ఫోను మోగుతుందని తల దువ్వుకుని కూర్చునేదాన్ని. కాబట్టి మీ ఉత్తరంలో ఆ 19 రోజుల లెక్క చదివి నాకు గొంతు పట్టేసింది. పదహారు రోజుల పండుగ దాకా ఇల్లంతా బంధువులే ఉండి ఉంటారు. మీ ఇద్దరికీ మిగిలింది ఎన్ని గంటలు? మీవారు ఉదయం ఎన్నింటికి లేస్తారో, అలసిపోయి వచ్చిన రోజున ఎలా మాట్లాడతారో, ఇంట్లో డబ్బు గురించి ఎలా ఆలోచిస్తారో మీకు ఇంకా తెలియదు. ఆయనకు మీ గురించీ తెలియదు. ఉద్యోగం ఇక్కడ ఉండగా, తిరుగు టికెట్టు చేతిలో ఉండగా, ఆ మామూలు రోజులు చూసి రావడం మీకు మంచిది. పాస్‌పోర్టు, బ్యాంకు కార్డు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. ఆయన మీద అనుమానంతో చెప్పడం లేదు, పరాయి దేశంలో ఉన్న ప్రతి మనిషికీ చెప్పే మాట ఇది.

మీరు అక్కడ ఉండగానే పీఆర్ ఖరారైతే, ఎక్కడ ఉన్నారో వలస శాఖకు వెంటనే తెలియజేయండి, మిగిలినది అక్కడి నుంచే పూర్తి చేసుకునే దారి ఉంది. అప్పుడు కళాశాలకు ముందుగా ఉత్తరం రాసి, మీ పిల్లల పాఠాలు మరొకరికి అప్పగించి గౌరవంగా తప్పుకోవచ్చు.

టికెట్టు విషయం మరిచాను. ధర తక్కువని అమెరికా మీదుగా వెళ్ళే విమానం కొనవద్దు. అక్కడ విమానం మారడానికి కూడా మన పాస్‌పోర్టుకు వీసా కావాలి. హైదరాబాదు నుంచి దోహా, దుబాయి వైపు చూడండి.